శిఖరం మీద నాలుగు వందల ఏళ్ల క్రేను: కొలోన్ కేథడ్రల్ గురించి పాఠకుల ప్రశ్నలు

గత సంచికలో జర్మనీ దేశంలోని కొలోన్ కేథడ్రల్ ఛాయాచిత్రాన్ని ప్రచురించి, దాని కింద రెండే వాక్యాలు రాశాం: నిర్మాణం 1248లో మొదలై 1880లో ముగిసిందని, జంట శిఖరాల ఎత్తు 157 మీటర్లని. ఆ రెండు వాక్యాలూ చాలామందికి సరిపోలేదని వచ్చిన ఉత్తరాలను బట్టి అర్థమైంది. జ్వరం వచ్చినప్పుడు నుదుటి మీద తడిగుడ్డకు అద్దే ఓడికొలోన్‌కూ ఈ ఊరికీ ఏమైనా సంబంధం ఉందా అని అడిగినవారు కూడా ఉన్నారు. ఉంది. ‘కొలోన్ నీరు’ అన్నదే ఆ మాటకు అర్థం. మిగిలిన ప్రశ్నలకు ఇంత చిన్న జవాబు చాలదు కాబట్టి ఈసారి శీర్షిక మొత్తాన్నీ ఆ ఒక్క కట్టడానికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మా మెదక్ చర్చిని కూడా కేథడ్రల్ అనే అంటారు. చర్చి బాగా పెద్దదైతే కేథడ్రల్ అవుతుందా? అలాగైతే గుణదల కూడా కేథడ్రలేనా?
– ఒక పాఠకురాలు, మెదక్

పరిమాణంతో ఈ పేరుకు సంబంధం లేదు. గ్రీకు నుంచి లాటిన్‌లోకి వచ్చిన ‘కతెద్రా’ అనే మాటకు కుర్చీ, ఆసనం అని అర్థం. బిషప్ కూర్చుని బోధించే ఆసనం ఏ గుడిలో ఉంటుందో ఆ గుడి కేథడ్రల్ అవుతుంది. నిజానికి ఈ సంగతి ఇంగ్లీషు కంటే మన తెలుగు కతోలికుల వాడుకలోనే స్పష్టంగా కనిపిస్తుంది. బిషప్పును పీఠాధిపతి అంటాం, ఆయన పరిధిని మేత్రాసనం అంటాం. పీఠమూ ఆసనమూ ఆ మాటల్లోనే ఉన్నాయి.

1914–1924 మధ్య చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో నిర్మించిన మీ మెదక్ చర్చి చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాకు చెందినది. అక్కడి మెదక్ అధ్యక్ష మండలం బిషప్పు ఆసనం అందులో ఉంది కనుక అది ముమ్మాటికీ కేథడ్రలే, కాని కతోలిక కేథడ్రల్ కాదు. ఫిబ్రవరి తిరునాళ్లకు లక్షల మంది తరలివచ్చే గుణదల మాత ఆలయం కతోలికులదే అయినా అది పుణ్యక్షేత్రం, పీఠం కాదు. విజయవాడ మేత్రాసనపు కేథడ్రల్ వేరే ఉంది, అది పునీత పౌలు పేరిట వెలిసింది. హైదరాబాదులో గన్‌ఫౌండ్రీ దగ్గర ఉన్న పునీత జోజప్ప గుడి అగ్రపీఠానికి, అంటే ఆర్చిబిషప్పు పీఠానికి, కేథడ్రల్. కొలోన్‌లోనిది కూడా అగ్రపీఠాధిపతి ఆలయమే. అది పునీత పేతురుకు, అంటే మన పాతతరం కతోలికులు రాయప్ప అని పిలుచుకునే అపోస్తలుడికి అంకితమైంది. ఆ ఊరివాళ్లు మాత్రం కేథడ్రల్ అనరు, ‘డోమ్’ అంటారు. ఇకపై మనమూ అలాగే అందాం.

ప్రశ్న: ఒక గుడి కట్టడానికి 632 ఏళ్లు పట్టడమేమిటి? సాంకేతికంగా అంత కష్టమైన పనా, లేక మధ్యలో మానేశారా?
– ఒక విశ్రాంత ఇంజనీరు, రాజమహేంద్రవరం

మధ్యలో మానేశారు. అదీ ఒకటి రెండేళ్లు కాదు, దాదాపు మూడు శతాబ్దాలు. 632 అన్నది తీసివేతలో వచ్చే అంకె; ఆ అంకెను చూసి తరతరాల శిల్పులు ఉలి కింద పెట్టకుండా చెక్కుతూనే ఉన్నారని ఊహించుకోకూడదు.

ఇప్పటి డోమ్ ఉన్న చోటనే అంతకుముందు తొమ్మిదో శతాబ్దపు పాత కేథడ్రల్ ఒకటి ఉండేది. 1248 ఏప్రిల్‌లో అది అగ్నికి ఆహుతైంది. అదే ఏడాది ఆగస్టు 15న, మరియమాత మోక్షారోపణ పండుగ నాడు, అగ్రపీఠాధిపతి కొన్రాడ్ ఫాన్ హోక్‌స్టాడెన్ కొత్త గుడికి శంకుస్థాపన చేశారు. తొలి స్థపతి పేరు గెర్‌హార్డ్. ఫ్రాన్సులో 1220లో మొదలైన అమియాఁ కేథడ్రల్‌ను ఆయన నమూనాగా తీసుకుని, అంతకంటే పెద్దదాన్ని తలపెట్టారు. ముందుగా ప్రధాన బలిపీఠం ఉండే తూర్పు భాగాన్ని చేపట్టగా, 74 ఏళ్లకు, 1322లో, అది పూర్తయి అభిషేకం జరిగింది. ఆ భాగానికి పడమటి వైపు ఒక తాత్కాలికమైన అడ్డుగోడ కట్టి, లోపల దివ్యబలిపూజలు మొదలుపెట్టారు. ఆ తాత్కాలిక గోడను తీసింది 1863లో.

పడమటి భాగం మాత్రం నత్తనడక నడిచింది. దక్షిణ శిఖరం సుమారు 56 మీటర్ల దాకా లేచి పదిహేనో శతాబ్దంలో ఆగిపోయింది. రాళ్లు పైకి చేర్చేందుకు దాని నెత్తిన నిలబెట్టిన కొయ్య క్రేనును దించే అవసరం ఎవరికీ కలగలేదు, ఎందుకంటే రేపో మాపో పని మళ్లీ మొదలవుతుందనే అనుకున్నారు. లోపల మనుషులు నడిచి తిప్పే పెద్ద చక్రంతో పనిచేసే ఆ క్రేను మొండి శిఖరం మీద నాలుగు వందల ఏళ్లకు పైగా అలాగే నిలిచి, చివరకు ఆ ఊరికి గుర్తైపోయింది. ఆ శతాబ్దాలలో కొలోన్‌ను గీసిన ఏ చిత్రకారుడి బొమ్మ చూసినా ముందు కనిపించేది ఆ క్రేనే. మన చార్మినారు పునాది నుంచి పైదాకా లేచి పూర్తయిన నాటికే అది పనిలేని క్రేను.

ఆగడానికి కారణం ప్రధానంగా డబ్బు. గుడికి రాబడి యాత్రికుల కానుకల నుంచి, పాపపరిహార పత్రాల నుంచి, దాతల వీలునామాల నుంచి వచ్చేది. పదహారో శతాబ్దంలో మార్టిన్ లూథర్ లేవదీసిన సంస్కరణోద్యమం ఈ మార్గాలన్నింటినీ ఎండగట్టింది. కొలోన్ కతోలిక నగరంగానే మిగిలినా చుట్టుపక్కల ప్రాంతాలలో చాలా భాగం చేయి జారిపోయింది. 1560లో గుడి పాలకమండలి ఇక ఖర్చు పెట్టలేమని నిర్ణయించింది. దీనికి తోడు మరొక చిక్కు ఉంది, అది చాలా వ్యాసాలలో కనిపించదు. 1288లో వోరింగెన్ యుద్ధంలో కొలోన్ పౌరులు తమ అగ్రపీఠాధిపతికి వ్యతిరేకంగా పోరాడి గెలిచారు. ఆ తరువాత ఆయన వారసులు ఎక్కువగా బాన్, బ్రూల్ పట్టణాలలో నివాసం ఉన్నారు. అంటే పీఠం ఒక చోట, పీఠాధిపతి మరొక చోట. ఇంటి యజమాని ఊళ్లో లేని ఇల్లు ఎలా సాగుతుందో ఈ గుడీ అలాగే సాగింది.

1794లో ఫ్రెంచి విప్లవ సైన్యాలు నగరంలో ప్రవేశించి డోమ్‌ను గిడ్డంగిగా వాడుకున్నాయి. గడ్డీ గాదమూ నిండిన ఆ మొండి కట్టడాన్ని పూర్తి చేయాలన్న ఆలోచనకు బలం ఇచ్చింది ఒక తోలుపత్రం. 1280 ప్రాంతంలో పడమటి ముఖభాగం మొత్తాన్ని సిరాతో గీసిన నాలుగు మీటర్ల ఎత్తున్న పటం అది. ఫ్రెంచివాళ్లు వచ్చిన గందరగోళంలో మాయమైన ఆ పటంలో సగం 1814లో డార్మ్‌స్టాట్ పట్టణంలో ఒక సత్రం అటక మీద బయటపడి, గేయార్గ్ మోల్లర్ అనే వాస్తుశిల్పి చేతికి చేరింది. దాన్ని అప్పటిదాకా చిక్కుడు గింజలు ఆరబోసుకోవడానికి వాడుకున్నారని చెబుతారు. మిగిలిన సగం 1816లో పారిస్‌లో దొరికింది. దాన్ని సంపాదించినవాడు సుల్పిట్స్ బోయిస్సెరే అనే కొలోన్ వర్తక కుటుంబీకుడు, డోమ్ పూర్తి కావాలని జీవితమంతా తపించిన మనిషి. ఇప్పుడు మనం చూసే జంట శిఖరాలు పందొమ్మిదో శతాబ్దపు ఊహ కావనీ, పదమూడో శతాబ్దపు స్థపతి గీసిన గీతలకు ఆరు వందల ఏళ్ల తరువాత రాయి తొడిగారనీ గట్టిగా చెప్పగలుగుతున్నామంటే అది ఆ పటం పుణ్యమే. నన్నడిగితే ఈ కథలో రాజుల కంటే, అగ్రపీఠాధిపతుల కంటే ముందు చెప్పుకోవలసింది ఆ తోలుముక్కనే.

1842 సెప్టెంబరు 4న, అప్పటికి కొలోన్‌ను ఏలుతున్న జర్మను రాజ్యం ప్రష్యాకు రాజైన నాలుగో ఫ్రెడ్రిక్ విలియం రెండోసారి శంకుస్థాపన చేశారు. ఆయన ప్రొటెస్టెంటు, అంతకు అయిదేళ్ల ముందే మతాంతర వివాహాల వివాదంలో ఆయన తండ్రి ప్రభుత్వం కొలోన్ అగ్రపీఠాధిపతిని నిర్బంధించింది. ఆ పుండును మాన్పడానికీ, జర్మను ఐక్యతకు ఒక ప్రతీక నిలబెట్టడానికీ రాజుకు ఈ గుడి అవసరమైంది. ఖర్చులో పెద్ద వాటాను ప్రజల చందాలతో నడిచే డోమ్ నిర్మాణ సంఘం భరించగా, మిగతాది ప్రష్యా ఖజానా ఇచ్చింది. 1860లలో సంఘం లాటరీ కూడా మొదలుపెట్టింది. ఎర్న్‌స్ట్ ఫ్రెడ్రిక్ ట్స్విర్నర్, ఆయన తరువాత రిచర్డ్ ఫోయిగ్టెల్ పని నడిపించారు. 1868లో పాత క్రేనును దించారు. 1880 అక్టోబరు 15న చక్రవర్తి మొదటి విలియం సమక్షంలో ముగింపు ఉత్సవం జరిగింది. ఆ రోజున కొలోన్ అగ్రపీఠాధిపతి పౌల్ మెల్‌ఖెర్స్ మాత్రం అక్కడ లేరు. జర్మను ఛాన్సలర్ బిస్మార్క్ ప్రభుత్వానికీ కతోలిక సంఘానికీ నడిచిన ఘర్షణలో ఆయన దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది. 632 ఏళ్లు ఎదురుచూసిన గృహప్రవేశానికి ఇంటాయనే కరువయ్యాడు.

అప్పటికి ప్రపంచంలో అంతకంటే ఎత్తైన కట్టడం లేదు. 1884లో వాషింగ్టన్ స్మారకస్తంభం ఆ ఘనతను తీసుకుపోయింది.

ప్రశ్న: మా రామప్ప గుడి 1213 నాటిది, అంటే దాదాపు ఇదే కాలం. మనవాళ్లు రాతితో అంత గొప్ప పని చేసి కూడా ఎత్తు జోలికి పోలేదు. కొలోన్‌వాళ్లకు 43 మీటర్ల ఎత్తున రాతి పైకప్పు ఎలా సాధ్యమైంది?
– ఒక పాఠకుడు, హనుమకొండ

రెండింటి లక్ష్యమూ వేరు, పద్ధతీ వేరు కనుక ఎక్కువ తక్కువలు ఎంచనక్కరలేదు. రామప్ప మండపంలో స్తంభం మీద దూలం, దూలం మీద బండ పరిచారు. రాయి ఎంత బరువు మోయడానికైనా సిద్ధమే కాని, వంగడానికి ఒప్పుకోదు. అడ్డంగా పరిచిన రాతిదూలం పొడవు పెరిగేకొద్దీ నడిమి భాగంలో కింది వైపు బీటలు వారుతుంది. అందుకే మన మండపాలలో స్తంభాలు దగ్గర దగ్గరగా ఉంటాయి. డోమ్‌ను కట్టిన గోతిక్ శైలిలో దూలమే లేదు. అక్కడ రాళ్లన్నీ ఒకదానినొకటి నొక్కుకుంటూ కమానుగా నిలబడతాయి.

అయితే కమానుకు ఒక దుర్గుణం ఉంది. అది కిందికి మాత్రమే కాక పక్కలకు కూడా తోస్తుంది. సగం గుండ్రంగా ఉన్న కమాను ఎక్కువగా తోస్తుంది, మొన తేలిన కమాను తక్కువగా తోస్తుంది. గోతిక్ స్థపతులు మొన కమానునే ఎంచుకుని, పైకప్పులో ఒకదానినొకటి ఖండించుకునే రాతి పక్కటెముకలు నిర్మించి, వాటి నడుమ పలుచటి రాతి పలకలు నింపారు. బరువంతా ఆ పక్కటెముకల వెంట జారి స్తంభాల తలలకు చేరుతుంది. అక్కడ పక్కకు తోసే బలాన్ని ఆపడానికి, పడబోయే గోడకు బయటి నుంచి ఊతకర్ర ఆనించినట్టు, గోడ బయట గాలిలో వంతెనల్లాగా సాగే రాతి ఊతాలు కట్టారు. ఆ ఊతాలు బలాన్ని బయటి దిమ్మెలకు అప్పగిస్తాయి. ఆ దిమ్మెల మీద చెక్కిన చిన్న చిన్న శిఖరాలు అలంకారం కోసమే అనిపిస్తాయి కాని, అవి తమ బరువుతో దిమ్మె పక్కకు ఒరగకుండా కిందికి నొక్కి పట్టుకుంటాయి.

ఇక గోడకు మోయవలసిన బరువేమీ మిగలలేదు. మోయని గోడ ఉంటే ఎంత, పోతే ఎంత? దాన్ని తీసివేసి అద్దం పెట్టేశారు. డోమ్‌లో సుమారు 10,000 చదరపు మీటర్ల కిటికీలు ఉన్నాయి. లోపల నిలబడితే రాయి కట్టడంలో ఉన్నామనే ఊహ కంటే పొడవైన చెట్ల మధ్య నుంచి రంగుల వెలుతురు వడకట్టుకుని వస్తోందన్న భ్రమే ముందు కలుగుతుంది. గుడి నేలపటం సిలువ ఆకారంలో ఉంటుంది. పొడవు 144 మీటర్లు, సిలువ చేతుల దగ్గర వెడల్పు 86 మీటర్లు.

మీరు ఇంజనీరు దృష్టితో అడిగారు కనుక ఇంకొక్క మాట. ఆ రాతి కప్పు పైన వాన నుంచి కాపాడే రెండో కప్పు ఉంటుంది. మధ్యయుగపు గుడులలో దాన్ని కలపతో కట్టేవారు. 2019 ఏప్రిల్‌లో పారిస్ నోత్ర్ దామ్‌లో తగలబడింది అటువంటి కలప కప్పే. కొలోన్‌లో ఆ కప్పు 1860 ప్రాంతానికి గాని పూర్తి కాలేదు, కాబట్టి దాన్ని అప్పటికి కొత్తగా వచ్చిన ఇనుప చట్రంతో కట్టారు. పని ఆలస్యం కావడం వల్ల కలిగిన మేలు ఇది. దాని విలువ తరువాతి ప్రశ్నలో తెలుస్తుంది.

ప్రశ్న: రెండో ప్రపంచయుద్ధంలో ఊరంతా నేలమట్టమైనా డోమ్ ఒక్కటే నిలిచిందని చదివాను. విమాన చోదకులు కావాలనే దాన్ని వదిలేశారని కొందరు, దేవుడి మహిమ అని కొందరు అంటారు. మీరేమంటారు?
– ఒక డిగ్రీ విద్యార్థిని, ఏలూరు

మహిమ సంగతి విశ్వాసులకు వదిలేద్దాం. చోదకులు వదిలేశారన్న మాట మాత్రం నిలబడదు, ఎందుకంటే డోమ్ మీద 14 పెద్ద బాంబులు పడ్డాయి. దాన్ని ఆనుకుని ఒకవైపు ప్రధాన రైల్వే స్టేషను, ఇంకొకవైపు రైన్ నది మీద రైలు వంతెన ఉన్నాయి. రెండూ యుద్ధంలో ముఖ్యమైన లక్ష్యాలే. రాత్రివేళ అంత ఎత్తు నుంచి కురిపించే బాంబులతో పక్కనున్న స్టేషనును కొట్టి గుడిని వదిలేయగల గురి ఆనాడు ఎవరికీ లేదు.

నిలవడానికి కారణాలు కట్టడంలోనే ఉన్నాయి. రంగుటద్దాలలో విలువైనవాటిని ముందే ఊడదీసి దాచారు. బాంబు పేలినప్పుడు పుట్టే గాలి ఒత్తిడి ఖాళీ కిటికీల గుండా బయటికి పోయింది. మందపాటి గోడల కట్టడమైతే ఆ ఒత్తిడికి గోడలే విచ్చుకునేవి. ఇనుప చట్రానికి నిప్పంటుకోలేదు. అయినా నడిమి భాగపు రాతి కప్పులు కొన్నిచోట్ల కూలాయి. 1943 నవంబరులో ఉత్తర శిఖరపు మూలదిమ్మెలో ఒక పెద్ద భాగాన్ని బాంబు కొరికివేసింది. శిఖరం ఒరుగుతుందేమోనన్న భయంతో ఆ గాయాన్ని హడావుడిగా వేల ఇటుకలతో పూడ్చారు. ఊరివాళ్లు దానికి ‘డోమ్ పంటికి పోసిన సిమెంటు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. యాభై ఏళ్ల పాటు నల్లటి రాయి నడుమ ఎర్రటి ఇటుక అతుకు అలాగే కనిపిస్తూ ఉండేది. 1990లలో మొదలుపెట్టి 2005కల్లా దాన్ని చెక్కిన రాతితో కప్పివేశారు. ఆ గుర్తును ఉంచవలసిందన్నవాళ్లు ఉన్నారు, నేను కూడా వాళ్ల పక్షమే. కాని దిమ్మెకు పాత రూపం తిరిగి వచ్చిన మాట నిజం. 1948లో, శంకుస్థాపన జరిగి 700 ఏళ్లు నిండినప్పుడు, చుట్టూ శిథిలాలుండగానే పూజలు తిరిగి మొదలయ్యాయి.

ప్రశ్న: క్రీస్తును దర్శించిన ముగ్గురు జ్ఞానుల ఎముకలు అక్కడ ఉన్నాయంటారు. ఇది నిజమేనా?
– ఒక విచారణ ఉపదేశి, గుంటూరు జిల్లా

ఒక విషయం ముందుగా. మత్తయి సువార్త తూర్పు దేశపు జ్ఞానులు వచ్చారని చెప్పింది కాని, వాళ్లు ముగ్గురని చెప్పలేదు, రాజులనీ చెప్పలేదు. బంగారు, సాంబ్రాణి, పరిమళ ద్రవ్యము అనే మూడు కానుకలను బట్టి ముగ్గురన్న లెక్క తరువాత స్థిరపడింది. వాళ్లవిగా పూజలందుకున్న అవశేషాలు మిలాన్ నగరంలో ఉండేవి. ఫ్రెడ్రిక్ బార్బరోసా చక్రవర్తి మిలాన్‌ను జయించాక, ఆయన మహామంత్రీ కొలోన్ అగ్రపీఠాధిపతీ అయిన రైనాల్డ్ ఫాన్ డాస్సెల్ 1164లో వాటిని కొలోన్‌కు తరలించుకొచ్చారు. ఒక్కమాటలో చెప్పాలంటే అది యుద్ధంలో దక్కిన సొత్తు. మిలాన్‌వాళ్లు శతాబ్దాల పాటు తిరిగి ఇమ్మని అడుగుతూ వచ్చారు. 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో కొన్ని ముక్కలు వాళ్లకు తిరిగి అందాయి.

ఆ ఎముకలు ఎవరివన్నది చరిత్ర తేల్చగల విషయం కాదు. అవి చేసిన పని మాత్రం చరిత్రే. వాటి కోసం యూరప్ నలుమూలల నుంచి యాత్రికులు వచ్చారు, ఆహెన్‌లో పట్టాభిషేకం చేసుకున్న జర్మను రాజులు నేరుగా ఇక్కడికి వచ్చి మోకరిల్లారు, నగరం తన రాజముద్రలో మూడు కిరీటాలు పెట్టుకుంది. పాత గుడి ఆ రద్దీకి చాలకపోవడం కొత్త డోమ్‌ను తలపెట్టడానికి ముఖ్య కారణాలలో ఒకటి. వాటిని ఉంచిన బంగారు మందసం నికోలస్ ఆఫ్ వెర్దూన్ అనే కంసాలి ప్రారంభించినది. సుమారు 1180 నుంచి 1225 దాకా పని జరిగింది. రెండు మీటర్లకు పైగా పొడవుండి, రెండు పేటికలను పక్కపక్కన ఉంచి మూడోదాన్ని వాటి మీద పేర్చినట్టుగా చిన్న గుడి ఆకారంలో కనిపిస్తుంది. పక్కల వరుసగా కూర్చున్న ప్రవక్తల ముఖాలను దగ్గరగా చూడండి. ఒకరు పక్కకు తిరిగి ఎవరితోనో వాదిస్తున్నట్టు, ఇంకొకరు మాట మధ్యలో ఆపినట్టు ఉంటారు. వస్త్రాల మడతలు మోకాళ్ల మీద నిజమైన గుడ్డలాగే ముడుచుకుని ఉంటాయి. ఆ కాలానికి అటువంటి పని అరుదు.

ప్రశ్న: ఫోటోలో గుడి అంత నల్లగా ఉందేమిటి? అంత డబ్బున్న దేశం ఒకసారి కడిగించలేదా?
– పేరు రాయని పాఠకుడు

నలుపులో కొంత మసి, కొంత రాతి రోగం. కడిగితే పోయేదానికంటే కడిగినందువల్ల చెడేదే ఎక్కువని భయం. మధ్యయుగపు భాగాలకు వాడింది నదికి ఎగువన ఉన్న డ్రాహెన్‌ఫెల్స్ కొండలోని ట్రాకైట్ రాయి. ఆ గని తవ్వకాలకు కొండ మీది పాతకోట కూలిపోతోందని 1836లో ప్రష్యా ప్రభుత్వం కొండ శిఖరాన్ని కొని తవ్వకం ఆపించింది. అందువల్ల పందొమ్మిదో శతాబ్దపు భాగాలకు వేర్వేరు చోట్ల నుంచి ఇసుకరాళ్లు తెచ్చారు. వాటిలో ష్లైట్‌డోర్ఫ్ నుంచి వచ్చిన రకంలో రేణువులను పట్టి ఉంచేది సున్నపు పదార్థం. రైలింజన్ల పొగలోని గంధకం వానలో కలిసి ఆమ్లమై ఆ సున్నాన్ని జిప్సంగా మార్చేసింది; జిప్సం ఉబ్బి రాయి పైపొర పెచ్చులూడుతుంది. కాబట్టి ఆరు వందల ఏళ్ల నాటి రాయి కొన్నిచోట్ల గట్టిగానే ఉండగా, నూట యాభై ఏళ్ల నాటి రాయి పొడి రాలుతోంది.

ఈ మరమ్మతుల కోసం గుడి పక్కనే డోమ్‌కు సొంత పనిశాల ఉంది. రాతి పనివాళ్లు, గాజు పనివాళ్లు, కమ్మరులు, వడ్రంగులు కలిసి సుమారు వంద మంది ఉద్యోగులు అందులో ఉంటారు. ఏదో ఒక మూలన పరంజా లేని డోమ్‌ను చూసినవాళ్లు దాదాపు లేరు. డోమ్ పని ముగిసిన రోజున లోకం ముగుస్తుందని కొలోన్‌వాళ్లు అంటారు, కాబట్టి వాళ్లకు తొందరేమీ లేదు.

ప్రశ్న: మా అబ్బాయి ఆ ఊరికి దగ్గర్లో ఉద్యోగం చేస్తున్నాడు. ఈ శీతాకాలం మేమిద్దరం వెళుతున్నాం. నాకు మోకాళ్ల నొప్పులు. లోపల తప్పక చూడవలసినవేమిటి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

అమ్మా, ముందుగా మోకాళ్ల సంగతి. దక్షిణ శిఖరం ఎక్కడానికి 533 మెట్లు, అదీ ఇరుకైన చుట్టుమెట్లు. అబ్బాయిని పైకి పంపి మీరు కింద ఉండండి. పైకి వెళ్లినవాళ్లకు దారిలో గంటల గది తగులుతుంది. అందులో 1923లో పోత పోసిన 24 టన్నుల పునీత పేతురు గంట ఉంది; ఊరివాళ్లు ముద్దుగా ‘లావు పీటర్’ అంటారు. 2011లో జ్ఞానుల పండుగ నాడే మోగుతూ మోగుతూ దాని నాలుక విరిగి పడింది. కొత్త నాలుక అమర్చడానికి ఆ ఏడాది చివరిదాకా పట్టింది.

మీరు కింద చూడవలసినవి తక్కువ కాదు. మందసం చూశాక ఉత్తరం వైపు గేరో సిలువ దగ్గర కాసేపు కూర్చోండి. పదో శతాబ్దపు చివరి భాగంలో కొయ్యతో చెక్కిన నిలువెత్తు క్రీస్తు అది. తల ముందుకు వాలిపోయి, పొట్ట బరువుకు జారి, ప్రాణం పోయిన మనిషి ఒళ్లు ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. రాజులా కళ్లు తెరిచి నిలబడే అంతకుముందటి సిలువ బొమ్మలతో పోలిస్తే ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

దక్షిణ బాహువులోని పెద్ద కిటికీని ఎండ ఉన్న పూట చూడాలి. యుద్ధంలో పోయిన అద్దాల స్థానంలో గెర్‌హార్డ్ రిక్టర్ అనే చిత్రకారుడు 2007లో అమర్చిన కిటికీ అది. పునీతుల బొమ్మలేమీ లేకుండా, 72 రంగులలో 11,263 చిన్న గాజు చదరాలు, వరుస చాలావరకు కంప్యూటరు యాదృచ్ఛికంగా నిర్ణయించింది. అది మసీదులోనో మరో ప్రార్థనాలయంలోనో ఉండదగిన కిటికీ అని అప్పటి అగ్రపీఠాధిపతి కార్డినల్ మైస్నర్ పెదవి విరిచారు. నేను వెళ్లిన రోజున మబ్బు పట్టి ఉండగా నాకూ అలాగే అనిపించింది. మధ్యాహ్నం ఎండ రాగానే ఎదుటి స్తంభాల మీద, నేల మీద, నడిచే మనుషుల కోట్ల మీద ఆ చదరాలన్నీ కరిగి పాకడం చూసి అభిప్రాయం మార్చుకున్నాను.

చివరిగా, ప్రధాన బలిపీఠం వెనుక అర్ధచంద్రాకారంలో ఉన్న ప్రార్థనా మందిరాలలో ఒకదానిలో, వెలుతురు సోకకుండా తెర కప్పి, పైన చెప్పిన తోలుపటాన్ని ఉంచారు. అక్కడికి వెళ్లేటప్పుడు దారిలో ఏ పాత స్తంభం పక్కనైనా ఆగి, ఫోను వెలుతురు వాలుగా వేసి చూడండి. బూడిదరంగు రాతిలో వేలిగోరంత తెల్లటి స్ఫటికాలు తళుక్కుమంటే అది డ్రాహెన్‌ఫెల్స్ ట్రాకైటు, మధ్యయుగపు పని. పడమటి వాకిలి వైపు నడిచేకొద్దీ ఆ తళుకు లేని రాళ్లు ఎక్కువవుతాయి. పని ఎక్కడ ఆగిందో, ఎక్కడ మళ్లీ మొదలైందో వేలితో తాకి చెప్పగలుగుతారు.